మిణుగురు పిల్లకీ దీపం ఎందుకు?

ప్రశ్న: మా ఏడేళ్ల బాబు రాత్రి తడిమట్టిలో ఒక నల్లటి పురుగును చూశాడు. ఒంటి మీద పలకలు పలకలుగా ఉంది, రెక్కల్లేవు, తోక దగ్గర రెండు చుక్కలు పచ్చగా వెలుగుతున్నాయి. మిణుగురులు జతను పిలవడానికే వెలుగుతాయని చదివాను. మరి ఎగరలేని ఈ పురుగుకు వెలుగెందుకు?

జవాబు: ముందు మీవాడి కళ్లకు దిష్టి తీయండి. వాడు చూసింది మిణుగురు పిల్లను. మనలో చాలామంది మిణుగురులను చూస్తూనే పెరిగాం కానీ, వాటి పిల్లను చూసినవాళ్లు తక్కువ. కొన్ని జాతుల్లో ఆడపురుగు పెద్దదయ్యాక కూడా రెక్కల్లేకుండా పిల్లలాగే ఉంటుంది. అయితే దాని వెలుగు ఇంకా పెద్దది. మీరు రెండు చుక్కలే అంటున్నారు కాబట్టి ఇది పిల్లే.

మిణుగురు పెంకుపురుగుల కుటుంబంలోది. ముందు గుడ్డు, తర్వాత లార్వా (మనం పిల్ల అంటున్నది దీన్నే), తర్వాత కదలకుండా రూపం మార్చుకునే ప్యూపా, చివరికి రెక్కల పురుగు. రెండు వేలకు పైగా జాతులున్నాయి. చాలా జాతుల్లో లార్వా దశే ఏడాది నుంచి రెండేళ్లు సాగుతుంది. మనం ముచ్చటపడే ఆ ఎగిరే దీపం బతికేది కొన్ని వారాలే, అందులోనూ చాలా జాతులవి ఏమీ తినవు. అంటే వాటికి తిండి, ఎదుగుదల, వేట అన్నీ మట్టిలోనే, పిల్లగా ఉన్నప్పుడే అయిపోతాయి.

వేట అన్నాను కదా, ఒకసారి దాన్ని దగ్గరుండి చూశాను. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, నేల మీద బోర్లా పడుకున్నాను. లార్వా తనకంటే పెద్ద నత్త గుల్ల మీదికెక్కి కూర్చుంది. నత్త తల బయట పెట్టడం, ఇది చటుక్కున కొరకడం, నత్త లోపలికి ముడుచుకోవడం. మళ్లీ అదే. దాని దవడలు కొడవలి ఆకారంలో ఉంటాయి, మధ్యలో సన్నటి బెజ్జం. కొరికినప్పుడల్లా అందులోంచి విషం దిగుతుంది. కాసేపటికి నత్త కదలడం మానేసింది. తర్వాత లార్వా జీర్ణరసం వదిలి, మాంసాన్ని పలచగా కరిగించి పీల్చుకుంది. అంతా అయ్యాక తోక చివరున్న చిన్న వేళ్ల కుచ్చును ముందుకు వంచి, ఒంటికి అంటిన జిగటంతా తుడుచుకుంది. భోజనం చేసి మూతి తుడుచుకున్నట్టే! నాకు నవ్వాగలేదు.

ఇక మీ ప్రశ్న. ఈ పిల్ల వెలుగు ప్రేమలేఖ కాదు, హెచ్చరిక బోర్డు. చాలా మిణుగురుల ఒంట్లో కప్పవిషానికి దగ్గరి చుట్టమైన చేదు పదార్థం ఉంటుంది. పెంపుడు బల్లులకు తెలియక మిణుగురులు పెడితే, అవి చనిపోయిన సంఘటనలు 1999లో శాస్త్ర పత్రికలో వచ్చాయి. ఒక్కసారి రుచి చూసి కక్కుకున్న జంతువు ఆ వెలుగును గుర్తుపెట్టుకుని మళ్లీ దాని జోలికి పోదు. పగలు తిరిగే కొన్ని జాతుల్లో పెద్దవి అసలు వెలగవు, వాటి పిల్లలు మాత్రం వెలుగుతాయి. అందుకే ఈ దీపం మొదట పిల్లలకే పుట్టిందని, పెద్దవి దాన్ని తర్వాత పెళ్లిచూపులకు వాడుకున్నాయని శాస్త్రవేత్తలు అంటారు. పుస్తకాల్లో మనం చదివేది కథలో రెండో సగం.

ప్రశ్న: మిణుగురును పట్టుకుంటే వేడి తగలదు. మంట లేకుండా వెలుగెలా వస్తుంది?

జవాబు: దాని కడుపు చివర లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో అది ఆక్సిజన్‌తో కలుస్తుంది. దానికి ఏటీపీ అనే, కణాలకు శక్తినిచ్చే పదార్థం కూడా కావాలి. మన ఒంట్లో కండరాలు నడిచేదీ ఆ ఏటీపీతోనే. ఆ కలయికలో వచ్చే శక్తిలో మంచి భాగం వెలుగుగా బయటికొస్తుంది, వేడి చేతికి తెలియనంత తక్కువ. వెనకాల తెల్లటి పొర ఒకటి అద్దంలా ఆ వెలుగును బయటికి తోస్తుంది.

ఏటీపీ సంగతి 1947లో అమెరికాలో విలియం మెకెల్‌రాయ్ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఆయనకు మిణుగురులు వేలల్లో కావాల్సొచ్చి, బాల్టిమోర్ నగరంలోని పిల్లలకు వందకి 25 సెంట్లు ఇచ్చి పట్టించారు. సైన్సుకు ఆ పిల్లల చెమట కూడా తోడైందన్నమాట.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో, వంద లూసిఫెరిన్ అణువులు ఖర్చయితే దాదాపు తొంభై కాంతి కణాలు వస్తాయని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. పుస్తకాల్లోనూ 88 అనే ఉండేది. 2008లో జపాన్ శాస్త్రవేత్తలు మళ్లీ జాగ్రత్తగా కొలిస్తే 41 అని తేలింది. నా పాత విద్యార్థులెవరైనా ఇది చదువుతుంటే నోట్సులో దిద్దుకోండి.

ప్రశ్న: అంత చీకట్లో తన జాతి ఆడదాన్ని మగది ఎలా పోల్చుకుంటుంది? మోసపోదా?

జవాబు: మోసపోతుంది, ప్రాణం మీదికీ తెచ్చుకుంటుంది. ఒక్కో జాతికి ఒక్కో లెక్క. అమెరికాలో ఫొటైనస్ పైరాలిస్ అనే జాతి మగది సుమారు ఆరు సెకన్లకోసారి, పైకి లేస్తూ కొక్కెం గీసినట్టు మెరుస్తుంది. గడ్డిలో కూర్చున్న ఆడది దాదాపు రెండు సెకన్లు ఆగి బదులిస్తుంది. ఆ ఆగడమే సంకేతం. తొందరపడినా, ఆలస్యమైనా అది ‘మనమ్మాయి కాదు’.

ఈ లెక్కను దొంగిలించిన ఆడపురుగులు ఉన్నాయి. ఫొటూరిస్ అనే మరో రకం ఆడది సరిగ్గా ఆ వ్యవధి పాటించి బదులిస్తుంది, ఆశగా వాలిన మగదాన్ని తినేస్తుంది. 1965లో జేమ్స్ లాయిడ్ అనే కీటక శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టారు. కడుపు నిండడమే కాదు, ఇందాక చెప్పిన చేదు విషం కూడా దానికి ఆ భోజనంలోంచే దొరుకుతుంది.

ప్రశ్న: సీసాలో పెట్టుకుని పెంచొచ్చా?

జవాబు: వద్దు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ హార్లిక్స్ సీసాలో పదిహేనిటిని వేసి, పారిపోతాయేమోనని మూత గట్టిగా బిగించి, పరుపు పక్కన పెట్టుకుని పడుకున్నాం. పొద్దున సీసా గోడలకు తడి, అడుగున అన్నీ వెల్లకిలా. వాడు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, మూత బిగించింది నేనే కదా మరి.

ప్రశ్న: ఇదివరకటిలా కనిపించడం లేదేం? ఎలా చూడాలి?

జవాబు: నేలకు సిమెంటు, పురుగుమందు, రాలిన ఆకు రాలినట్టే ఊడ్చేయడం. ఇవన్నీ లార్వాకు దెబ్బ. పెద్దవాటికి దీపాలతోనే తంటా. తెల్లారేదాకా వెలిగే బల్బు కింద ఆడదాని బదులు మగదానికి కనిపించదు.

చూడాలంటే తడి, గడ్డి ఉన్న చోట దీపాలన్నీ ఆపి కూర్చోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఎరుపును అవి అంతగా పట్టించుకోవు. మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదు, కళ్లు చీకటికి అలవాటు పడాలి. మధ్యలో ఫోన్ తీశారో, మళ్లీ మొదటికే.