39 యువాన్లకు మూడు

"ఆన్‌లైన్‌లో చైనా బ్రాలు, లేసు సెట్లు మరీ చవకగా వస్తున్నాయి, కొనొచ్చా? రెండు ఉతుకులకే పోతాయా?" అని అడిగారు. కొనొచ్చు. ఐదేళ్ళు షాంటౌలో ఎంబీబీఎస్ చదువుతూ అవే వేసుకున్నదాన్ని, కాబట్టి ఈ విషయంలో నాకు నోరు కాస్త ఎక్కువే లేస్తుంది.

షాంటౌ దక్షిణ చైనాలో, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. దాని కిందే గూరావ్ అనే చిన్న ఊరు, బ్రాలు కుట్టడమే అక్కడి బతుకుతెరువు. మనకు బనియన్లకి తిరుపూరు ఎలాగో అలాగ.

2018 నవంబరు 11 సేల్‌లో 39 యువాన్లకు మూడు బ్రాలు కొన్నాను. అప్పట్లో మన నాలుగొందలు. లేసు మెరిసిపోతోంది, మహా సంబరపడ్డాను. నాలుగో వారం గైనిక్ పోస్టింగులో మేడమ్ ప్రశ్నలడుగుతుంటే ఎడమ చంక కింద సూది దిగినట్టయింది. కప్పు కింద ఉండే వైరు కుట్టు చీల్చుకుని బయటికొచ్చింది. బాత్రూంలోకి పరిగెత్తి లాగితే విరిగిన మట్టిగాజు ముక్కలా మొత్తం చేతికొచ్చేసింది. ఇక ఒకవైపు వైరుంది, రెండో వైపు లేదు. ఆ రోజంతా కేస్ షీట్లు గుండెకి హత్తుకునే తిరిగాను.

ఆ శనివారం మార్కెట్లో ఒక ఆయీ కొట్టుకి వెళ్ళాను. అక్కడ పెద్దావిడని అలాగే పిలుస్తారు. నా అవస్థ చేతి సైగలతో చెబితే పడీపడీ నవ్వింది. తర్వాత ఒక బ్రా తీసి, చంక దగ్గర వైరు ఆగే చోట అడ్డంగా దట్టంగా వేసిన కుట్టుని గోటితో గీకి చూపించింది. వైరు చివర్న ప్లాస్టిక్ బొడిపె ఉందో లేదో బట్ట మీంచే నొక్కి చూడమంది. వెనక పట్టీని బాగా సాగదీసి వదిలింది, చటుక్కున మొదటి కొలతకి వచ్చేసింది. నా 39 యువాన్లదానికి ఈ మూడూ లేవు. ఆవిడ 45 చెప్పింది, 40కి ఇచ్చింది. క్రీమ్ రంగుది. 2021 దాకా వాడాను.

అందుకే అంటాను, లేసు చూసి మోసపోకండి. బరువులో ఎక్కువ భాగం మోసేది వెనక పట్టీ. ఫొటోలో వెనకవైపు చూపించని వాళ్ళ దగ్గర నేను కొననే కొనను. జియాంగ్సు రాష్ట్రంలోని గ్వాన్‌యూన్ వైపు నుంచి వచ్చే ఫ్యాన్సీ సెట్ల సంగతి వేరు, అవి రోజూ వేసుకోవడానికి కుట్టినవి కావు. వాటిని తిట్టి ప్రయోజనం లేదు.

ట్యాగు మీద 75బి అంటే మన 34బి. 80 అయితే 36. చైనా ట్యాగుల్లో బి, సి అని ఇంకో తరగతి కూడా ఉంటుంది, అది కప్పు సైజు కాదు. ఒంటికి నేరుగా తగిలే బట్ట బి తరగతిదై ఉండాలి, అంటే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదు. సి తరగతికైతే 300 దాకా వదిలేస్తారు. ప్యాకెట్టు విప్పగానే ముక్కు మండే వాసన వస్తే నేనైతే తిప్పి పంపిస్తాను.

నన్నడిగితే ఇక్కడ మాల్‌లో పన్నెండొందలకి అమ్మే వాటిలో సగం ఆ ఆయీ కొట్టులోవే. రుజువు అడక్కండి, ఆ కుట్టు నేను గుర్తుపడతాను.

అయినా మన ఊళ్ళో చైనా సరుకుని ఆడిపోసుకునే వాళ్ళు మ్యాచింగ్ సెంటర్ల జోలికి పోరేం? కౌంటర్లో అబ్బాయి మన మొహం కూడా చూడకుండా "ముప్పయ్యారా మేడమ్?" అంటాడు. సాగదీసి చూస్తానంటే ఆస్తి అడిగినట్టు చూస్తాడు. పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, "ఎక్స్ఛేంజ్ లేదు" అని చేతిలో పెడతాడు. మొన్న మా అమ్మకి అలా తెచ్చిన రెండింటికీ మూడో ఉతుక్కే హుక్కులు ఊడాయి. రెండూ మన దేశంలో కుట్టినవే.