ఆనందం పేరుతో కాదు, కుర్చీ పేరుతో అడగండి

పని చేసే చోట మనుషులు సంతోషంగా, నిండుగా బతకడం మీద పరిశోధనకు నిధులు ఎవరిస్తారని మీరు అడిగారు. పన్నెండేళ్లుగా మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాను. మూడుసార్లు దరఖాస్తు చేస్తే రెండుసార్లు తిరస్కరించారు. ఆ రెండుసార్లూ దెబ్బతీసింది శీర్షికే అని నా గట్టి నమ్మకం. "మహిళా ఉద్యోగుల సానుకూల శ్రేయస్సు" అని రాశాను. అది చదివినవారికి ఒక్క మనిషి ముఖమైనా కనిపించి ఉండదు.

నాకు దారి దొరికింది విజయవాడలో ఒక చీరల దుకాణంలో. పనిలో మనసు ఎంత లగ్నమవుతోందో కొలిచే యూట్రెక్ట్ ప్రశ్నావళి ఒకటుంది. తొమ్మిది వాక్యాల పొట్టి రూపాన్ని తెలుగు చేసుకుని వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు, బేరాలు పలచబడిన వేళ. ఒక అమ్మాయి కౌంటరు మీద కాగితం పెట్టుకుని, నిలబడే పూరిస్తోంది. ఎడమ పాదం చెప్పులోంచి తీసి కుడి పిక్కకు ఆనించింది. కాసేపటికి కాలు మార్చింది. ఉదయం లేవగానే పనికి వెళ్లాలనిపిస్తుందా అనే చోట కలం ఆగింది.

"వెళ్లాలనే ఉంటుంది మేడమ్. పది గంటలు నిలబడాలని మాత్రం ఉండదు. దీనికి ఎంత వేయమంటారు?"

సున్నా నుంచి ఆరు దాకా ఉన్న అంకెల్లో ఆమెకు జవాబు లేదు. ఆమె వెనుకే రెండు కుర్చీలున్నాయి, కొనుగోలుదారుల కోసం.

మూడో దరఖాస్తు ఆ కుర్చీ గురించే రాశాను. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కూర్చునే వీలు దొరికితే పని మీద మనసు ఎలా మారుతుందన్నదే నా ప్రశ్న. నిధులు వచ్చాయి.

ఇక ఎక్కడ అడగాలంటే, ముందు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీఎస్ఎస్ఆర్. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. విదేశాల్లో అయితే అమెరికాలోని జాన్ టెంపుల్టన్ ఫౌండేషన్‌కు ఈ విషయం మీద ఆసక్తి ఎక్కువ. వారు మొదట ఆలోచనను క్లుప్తంగా చెప్పే చిన్న పత్రమే తీసుకుంటారు, నచ్చితే పూర్తి దరఖాస్తుకు పిలుస్తారు. మీది ప్రైవేటు కళాశాల అయితే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు కానీ ముందస్తు అనుమతి కానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఇవి చూసుకోకుండా నెలల తరబడి దరఖాస్తు రాసి నష్టపోయినవారిని చూశాను.

కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బు అడగమని అందరూ సలహా ఇస్తారు. తమ ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పని సీఎస్ఆర్ కిందకు రాదని నిబంధనల్లోనే ఉంది. ఆ కంపెనీ సిబ్బంది మీదే పరిశోధన అయితే మానవ వనరుల విభాగం బడ్జెట్టునే అడగాలి. అక్కడ మళ్లీ ఇంకో బాధ. టేబుల్ టెన్నిస్ బల్ల వేసి, శుక్రవారం ఆటలు పెడితే సానుకూల వాతావరణం వచ్చేసిందనుకుంటారు. సాయంత్రం ఆరు తర్వాత ఫోను చేయకపోవడం మాత్రం ఎవరికీ తోచదు!

అన్నిటికంటే ముందు యజమాని సంతకంతో అనుమతి ఉత్తరం సంపాదించండి. నాకు నాలుగు నెలలు పట్టింది. నిధుల కమిటీ మొదట అడిగింది దాని గురించే. మీరు పరిశోధన చేయాలనుకుంటున్నది ఆసుపత్రిలోనా, బస్సు డిపోలోనా, నూలు మిల్లులోనా? ప్రశ్నలో రాయలేదు. అది చెబితే ఎవరిని అడగాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.