క్యూరేటర్ అంటే మ్యూజియం అధికారేనా?

ప్రశ్న: హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, వృత్తిలో కొన్నేళ్లు గడిపిన పాత్రికేయులకు ఇచ్చే నీమన్ ఫెలోషిప్ పెద్దను డైరెక్టర్ అనకుండా ‘క్యూరేటర్’ అని ఎందుకు పిలుస్తారు? వారు చేసే పని ఏమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ సందేహం సహజమే. అమెరికా వార్తాపత్రిక ‘మిల్వాకీ జర్నల్’ స్థాపకుడు లూషియస్ నీమన్ జ్ఞాపకార్థం ఆయన భార్య ఆగ్నెస్ రాసిచ్చిన ఆస్తితో 1938లో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు, వార్తాపత్రికల మైక్రోఫిల్మ్ (పుటలను చిన్నగా ఫొటో తీసి దాచే ఫిల్మ్) సేకరణను చూసుకోవడం కూడా దాని అధిపతి బాధ్యతగానే భావించారు; సేకరణలను చూసుకునేవారిని క్యూరేటర్ అంటారు కనుక ఆ పేరే పెట్టారు. ఆ సేకరణ ఆలోచన వెనకబడి, ఫెలోలే ముఖ్యమయ్యారు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. తొలి క్యూరేటర్ కవి ఆర్చిబాల్డ్ మెక్లీష్. ఆయన 1939లోనే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయాధిపతిగా వెళ్లిపోగా, మొదటి జట్టులో తానూ ఫెలోగా చదువుకున్న ‘బోస్టన్ గ్లోబ్’ విలేకరి లూయీ లయన్స్ ఆ బాధ్యత స్వీకరించి 1964 వరకు కొనసాగారు. నా దృష్టిలో ఈ పథకానికి రూపం ఇచ్చింది ఆయనే. ఫెలోలకు డిగ్రీ ఇవ్వరు, నచ్చిన తరగతిలో కూర్చోనిస్తారు. కనుక ఎవరిని ఎంచుకోవాలి, వారి ముందుకు ఏ వక్తలను తీసుకురావాలి అన్నవే క్యూరేటర్‌కూ, సిబ్బందికీ అసలు పని; పరీక్షలు, మార్కుల బెడద వారికి లేదు.