హెచ్-1బి వీసాపై ఉన్నవారు బ్లాక్ పౌడర్ రివాల్వర్ కొనవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బి వీసాపై ఉంటున్నాను. 1858 రెమింగ్టన్ నమూనా బ్లాక్ పౌడర్ రివాల్వర్ (తూటాలు కాకుండా గన్‌పౌడర్, గుండు విడివిడిగా దట్టించి పేల్చేది) చవకగా దొరుకుతోంది. దీనికి ఏ కాగితాలూ అక్కర్లేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? కొత్తవాడికి ఏది మేలు? గుంటూరు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: టెక్సాస్ వరకు మీ స్నేహితుల మాట నిజమే. ఎందుకు నిజమో తెలుసుకోండి, లేకపోతే చిన్న పొరపాటు జైలు దాకా తీసుకెళ్తుంది.

అమెరికా ఫెడరల్ చట్టం 922(జి)(5) సెక్షన్ ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. శిక్ష 15 ఏళ్ల వరకు. అయితే 921 సెక్షన్ ‘తుపాకి’ నిర్వచనం నుంచి పురాతన ఆయుధాలను తప్పించింది. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవే కాదు, ఇప్పటి తూటాలు పట్టని వాటి నకళ్లు కూడా ఆ కోవలోవే. ఇటలీలో పియెట్టా, ఉబెర్టి సంస్థలు చేసే మీ రకం రివాల్వర్లు అవే. అందుకే దుకాణంలో తుపాకి కొనేవారు నింపాల్సిన 4473 ఫారం మిమ్మల్ని నింపమనరు. గన్‌పౌడర్ పేలుడు పదార్థం కదా అంటారేమో. పురాతన ఆయుధాల్లో క్రీడకు, వినోదానికి మాత్రమే వాడితే, కంపెనీ తయారీ బ్లాక్ పౌడర్ 50 పౌండ్ల వరకు, పెర్కషన్ క్యాపులు (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూతలు) ఉంచుకోవడానికి 845 సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. ఇంట్లో సూరేకారం, గంధకం, బొగ్గు నూరి కలిపినదానికి ఈ వెసులుబాటు లేదు.

అసలు ప్రమాదం కన్వర్షన్ సిలిండర్, అంటే మందు, గుండు నింపే అరలుండే తిరిగే భాగం (సిలిండర్) బదులు పెట్టే, తూటాలు పట్టే సిలిండర్. దాన్ని బిగిస్తే ఇదే రివాల్వర్ తూటాలు కాలుస్తుంది. ఆ క్షణంలో అది చట్టం దృష్టిలో తుపాకి, మీరు నేరస్థులు. ఆ భాగం కొనకండి, ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. రేంజిలో (కాల్పుల సాధన స్థలంలో) మిత్రుడి గ్లాక్ పిస్టల్ పట్టుకుని నాలుగు తూటాలు కాల్చినా అదే సెక్షన్. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు మీ పేరున ఉంటే ఆ నిషేధానికి మినహాయింపు ఉంది. ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్తే లెక్క వేరు. అక్కడ ఇది కూడా హ్యాండ్‌గనే, కొనడానికి పర్మిట్ కావాలి.

ఎంపికకొస్తే, ఇత్తడి ఫ్రేమ్ ఉన్నది ఇంకా చవక, కానీ ఎక్కువ మందు పెడుతూపోతే సాగి వదులవుతుంది. ఉక్కు ఫ్రేమ్ 1858 నమూనానే తీసుకోండి. సిలిండర్ మీద ఫ్రేమ్ కట్టు ఉంటుంది, ఊడదీయడమూ తేలిక. మొదట ఖాళీ నిపుళ్లపై (క్యాపులు తొడిగే మొనలపై) ఒక్కో క్యాపు పేల్చి లోపలి నూనె పోగొట్టండి. .44 రివాల్వర్‌కు కొలత గొట్టంతో 25 గ్రెయిన్ల (మందు తూకానికి వాడే చిన్న కొలత) ట్రిపుల్ ఎఫ్ (సన్న రకం) పౌడర్, దానిపై నూనె పట్టిన ఫెల్ట్ వాడ్, ఆపైన .454 మెత్తని సీసపు గుండు. పౌడర్ ఫ్లాస్కు నుంచి నేరుగా పోయకండి. గుండు దట్టించేటప్పుడు అంచున సీసం సన్నని ఉంగరంలా చెక్కుకుపోవాలి. అలా జరగలేదంటే గుండు వదులు, నిప్పు పక్క అరలోకి దూరి రెండు మూడు ఒకేసారి పేలవచ్చు. క్యాపులు వదులైనా ఇదే ముప్పు. ఆరు అరల్లో అయిదే నింపి, సుత్తి ఖాళీ అరపై ఉంచండి. క్యాపులు అన్నిటికన్నా చివర, గొట్టం లక్ష్యం వైపు ఉంచే పెట్టాలి. పేలకపోతే అలాగే లక్ష్యం వైపు పట్టి కనీసం ఒక నిమిషం ఆగండి. స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు. రివాల్వర్ పగులుతుంది, పైగా అది చట్టంలో ‘తూటాల’ నిర్వచనంలోకి వస్తుంది. కాల్చిన రోజే సబ్బు, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి నూనె పూయండి, మసి తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది.

గుంటూరుకు మాత్రం తేవద్దు. మన 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయించేది మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలనే. మీది కొత్తగా చేసిన, పనిచేసే రివాల్వర్, లైసెన్సు తప్పదు. అడవిపందుల కోసం రైతులు పెట్టుకునే మందు దట్టించే తుపాకికే లైసెన్సు అడుగుతారు. ఇక బ్లాక్ పౌడర్, క్యాపులు అమెరికా విమానాల్లో చేతి సంచిలోనూ చెకిన్ సామానులోనూ నిషిద్ధం. సెలవులకు బయలుదేరే ముందు రివాల్వర్ ఖాళీ చేసి డాలస్‌లోనే తాళం వేసి ఉంచండి, రేంజికి తీసుకెళ్లిన సంచిని మాత్రం ప్రయాణానికి వాడకండి. అడుగున పడిపోయిన ఒక్క క్యాపు చాలు, విమానాశ్రయంలో ఆపడానికి.