రొయ్యల గుంట నుంచి ఢిల్లీ దాకా

ప్రశ్న: విదేశీ వ్యవహారాలు కేంద్రానివే కదా. అమెరికా సుంకం గురించి మన రాష్ట్ర నాయకులను అడిగి లాభమేంటి? – ఓ రొయ్యల రైతు, ఇందుకూరుపేట

జవాబు: లాభం ఉందండీ. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరిన రోజుల్లో నేను మా బావ గుంట గట్టు మీదే ఉన్నాను. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి. మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే మేత మొత్తం తినేశాయి, రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. కొనేవాడు మాత్రం ఫోనెత్తడు. ఆ టెన్షన్ నాకు తెలుసు.

రాజ్యాంగం 253వ అధికరణం ప్రకారం విదేశీ ఒప్పందాల అమలుకు చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. కానీ 2011 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లేసరికి బంగ్లాదేశ్‌తో తీస్తా నది నీళ్ల ఒప్పందం సంతకానికి సిద్ధంగా ఉంది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ వద్దన్నారు, ఆయనతో వెళ్లడమే మానుకున్నారు. సంతకం ఆగిపోయింది. 2016లో బెల్జియంలోని వలోనియా అనే ఒక్క ప్రాంతం, తన రైతుల కోసం కూడా పట్టుబట్టి, కెనడాతో ఐరోపా సమాఖ్య ఒప్పందాన్నే కొన్నాళ్లు నిలబెట్టేసింది.

మనకూ ఆ బలం ఉంది. 2024 ఎన్నికల్లో బీజేపీకి సొంతంగా వచ్చినవి 240 సీట్లు, మెజారిటీకి చాలవు. మిత్రపక్షమైన తెలుగుదేశానికి 16. మీ ఎంపీ ఊరికొస్తే దండలు తర్వాత, ముందు ఇది అడగండి: వాణిజ్య చర్చల్లో రొయ్య మాట ఎత్తించారా?