చీటీ రాసి పంపొద్దు

చిరంజీవి చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఒకటి నీదైందని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నేనూ ఏడ్చాను. కర్నూలు జిల్లా కోసిగి వైపు వేశారని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. నేను పనిచేసిందీ ఆ చుట్టుపక్కలే కదా.

పాఠాలు చెప్పడం నీకు నేర్పక్కర్లేదు. రిజిస్టర్లు ఏ రోజువి ఆ రోజే రాసుకో. చివరి బస్సు తప్పిపోనివ్వకు.

అక్కడ దసరా దాటితే పత్తికీ, సంక్రాంతి దాటితే మిరపకాయలకీ ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు కూలికి వలస పోతారు. ఇంటికి తాళం, బడిలో చోటు ఖాళీ. నాకు ఉద్యోగమొచ్చిన రెండో ఏడు, మూడో తరగతి పిల్లోడొకడు వారంలో సగం రోజులు వచ్చేవాడు కాదు. "సరిగా పంపకపోతే పేరు కొట్టేస్తాను" అని ఎర్ర సిరాతో చీటీ రాసి వాడి జేబులో పెట్టి పంపాను. ఇంట్లో ఎవరికీ చదువు రాదని తెలుసుకోలేదు. వాళ్ల నాన్న ఆ చీటీని టీ అంగడికి తీసుకుపోయి చదివించుకున్నాడట. నలుగురూ నవ్వారట. పసిపిల్ల చెల్లెల్ని వాడికప్పగించి తల్లి కూలికి పోయేదని, అందుకే రాలేదని బడి ఎదురింటి అవ్వ చెప్పేదాకా నాకు తెలియదు. ఏటా వాణ్ణి నానమ్మ దగ్గర వదిలి పోయేవాళ్లు, ఆ ఏడు వెంట తీసుకుపోయారు. ఉగాది దాటాక బడి గోడ పక్కన కనిపించాడు. మిరపకాయలు కోసి చేతులు మండుతున్నాయేమో, తొడలకు రుద్దుకుంటున్నాడు. రారా అంటే, "పేరు కొట్టేసినారు కదా మేడం" అన్నాడు. కొట్టలేదు చిన్నీ! రిజిస్టరు తెచ్చి చూపించేలోగా వెళ్లిపోయాడు.

అందుకే చెప్తున్నా, కాగితం పంపకు. కూలి నుంచి వచ్చే వేళకి నువ్వే ఇంటికెళ్లు. చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడతారు, "ఊట ఆయ్తా" (అన్నం తిన్నారా) అని అడిగితే ముఖం విప్పారుతుంది. ఏ వీధిలో నీళ్లిచ్చినా తాగు. ఎవరింట్లో తాగలేదో ఊరు లెక్కపెట్టుకుంటుంది.

పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించుకుని మీటింగ్ అయిందనిపించొద్దు, మేమంతా ఆ పాపం చేసినవాళ్లమే. వలసపోయే ఇళ్లేవో ముందే అడిగి, పెద్దవాళ్లు వలసలో ఉన్నన్నాళ్లూ పిల్లల్ని చూసుకునే సీజనల్ హాస్టల్లో ఉంచమని ఆ కమిటీ తల్లులతోనే చెప్పించు. నీ మాటకంటే వాళ్ల మాట నమ్ముతారు. ఏ ఇంట్లో పొద్దున పొయ్యి వెలగలేదో మధ్యాహ్నం వడ్డించే వంటామెకు తెలుస్తుంది. పాత మాస్టారు విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఫోన్లో వీడియోలు చూపించి ఆయనకు పాఠం చెప్పబోకు. ఏ బిడ్డ ఎవరి మనవడో చెప్పగలిగేది ఆయనే.

సాయంత్రం ఇళ్లకెళ్లమంటావు, చివరి బస్సు తప్పొద్దంటావు, ఎట్లా పెద్దమ్మా అంటావు. నిజమేనే. వారానికో రోజు ఆ ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరమ్మ ఇంట్లో పడుకో, ముందుగా ఆమెను అడిగి. ఆ రోజు మాత్రం నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ