మెదడు కొలిచే పనితో అమ్మాయి నిలదొక్కుకుంటుందా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి ఉత్తరం: ‘అమ్మాయి సీఎస్ఈ మూడో సంవత్సరం. మెదడు స్కాన్లలో కార్టెక్స్ మందం, వైశాల్యం కొలిచే రీసెర్చ్ చేస్తానంటోంది. మేమేమో ఆరు నెలల న్యూరో ఏఐ సర్టిఫికెట్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?’

అయ్యా, అమ్మాయి ఉద్యోగం లేకుండా ఉండిపోతుందేమోనన్నదే మీ అసలు భయం. ఇదే భయంతో ఏటా ఎందరో రాస్తారు.

ఆ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను. కార్టెక్స్ అంటే మెదడు పైపొర. సగటు మందం సుమారు 2.5 మిల్లీమీటర్లు. మామూలు ఎంఆర్ఐ స్కాన్‌లో బొమ్మ చిన్న చిన్న గడులుగా వస్తుంది, ఒక్కో గడి దాదాపు 1 మిల్లీమీటరు. ఆ రెండు మూడు గడుల్లోనే మందం తేల్చాలి. ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ పొర లోపలి అంచును, బయటి అంచును గుర్తించి మధ్య దూరం లెక్కిస్తుంది. స్కాన్ తీసేటప్పుడు తల కదిలితే పొర ఉన్నదానికంటే పలచగా కనబడుతుంది. పిల్లలు, రోగులు ఎక్కువగా కదులుతారు కదా, చూసుకోకపోతే ఆ కదలికనే జబ్బు లక్షణమని రాసేస్తాం. ఏఐ వల్ల ఈ లెక్కలు చాలా త్వరగా అయిపోతున్నాయి, సంతోషమే. కానీ సాఫ్ట్‌వేర్ గీసిన అంచు గీత ఎక్కడ తప్పిందో పట్టుకునే చూపు వందల స్కాన్లు చూస్తేనే వస్తుంది. ఆ కోర్సువాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: విద్యార్థి సొంతంగా ఎన్ని స్కాన్లు సరిచూస్తాడు?

కోపం తెచ్చుకోకండి, ఇంకో మాట. మీ ఉత్తరంలో మీ బావమరిది కొడుకు ప్యాకేజీ రెండుసార్లు వచ్చింది. అమ్మాయి ఇప్పటిదాకా ఏం నేర్చుకుందో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు కాబట్టే మీకు తెలియదు. ఇది తప్పండీ.

రీసెర్చ్‌లో పీహెచ్‌డీకి ఏళ్లు పడతాయి, మొదట్లో డబ్బు తక్కువ. అది దాచను. అయినా టెన్షన్ పడకండి. ఈ పనిలో వంటబట్టే లైనక్స్, పైథాన్, స్టాటిస్టిక్స్ రేపు దారి మార్చుకున్నా ఆమెతోనే ఉంటాయి. ఈ పని జరిగే చోట్లూ దూరం కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వంద మంది భారతీయుల స్కాన్లతో మెదడు అట్లాస్ (సగటు మెదడు పటం) తయారుచేశారు. బెంగళూరులో మెదడు, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది.

ఫ్రీసర్ఫర్ ఉచితం. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో స్కాన్లూ ఉచితమే. ఈ సెలవుల్లో పది స్కాన్లు కొలవమనండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, గీత ఎక్కడ తప్పిందో మీకు చూపించమనండి. కోర్సు ఫీజు సంగతి ఆ తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.